పంపింది వాళ్లేనా? ఎస్సెమ్మెస్, మెయిల్‌లలో దొంగ పేర్లు పట్టుకునే పద్ధతి చెప్పండి

"దుకాణం లెక్కలు" అనే సభ్యుడు అడిగిన ప్రశ్న

షాపులో నలుగురు స్టాఫ్. కరెంటు బిల్లు, జీఎస్టీ, బ్యాంకు, కొరియర్, అన్ని మెసేజ్‌లూ ఒకే ఫోనుకి వస్తాయి. ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చూస్తారు. "అనుమానం వస్తే నొక్కకండి" అని చెప్పా. "అనుమానం దేన్ని చూసి రావాలి సార్?" అని తిరిగి అడిగారు. న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు.

ఈ వారం వచ్చినవి మూడు:

1. పది అంకెల మొబైల్ నంబరు నుంచి ఇంగ్లిషు ఎస్సెమ్మెస్. పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదట, ఈ రాత్రి 9.30కి కరెంటు తీసేస్తారట, వెంటనే ఎలక్ట్రిసిటీ ఆఫీసర్‌కి ఫోన్ చేయాలట. కింద ఇంకో మొబైల్ నంబరు.

2. ఐఫోన్‌లో ఇండియా పోస్ట్ పేరుతో. పార్సిల్ గోడౌన్‌కి వచ్చింది, అడ్రస్ సరిగా లేదు, 12 గంటల్లో సరిచేయండి అని లింకు. "వై అని రిప్లై ఇచ్చి, మెసేజ్ మూసి మళ్లీ తెరవండి" అని కూడా ఉంది.

3. జీమెయిల్‌కి, పంపినవారి పేరు "ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్". రిఫండ్ ఆమోదం పొందింది, ఖాతా వివరాలు ధ్రువీకరించండి అని బటన్.

మూడూ దొంగవే అని నాకూ తెలుస్తోంది. కానీ నాకు తెలిసింది వాసన బట్టి. స్టాఫ్‌కి వాసన నేర్పలేను కదా, ఎక్కడ నొక్కి ఏం చూడాలో చెబితే నేర్పగలను. నంబరు బదులు అక్షరాల పేరుతో (దాన్నే హెడర్ అంటారు) వచ్చిన ఎస్సెమ్మెస్‌ని నమ్మేయొచ్చా? మెయిల్‌లో పేరు కాకుండా ఇంకేం చూడాలి?

---

సిగ్నల్ స్తంభం

ఎస్సెమ్మెస్ సంగతి నేను చెప్తా. మెయిల్ గురించి నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు.

మన దేశంలో ఒక సంస్థ కస్టమర్లకి ఎస్సెమ్మెస్ పంపాలంటే, ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) 2018 నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే రిజిస్టర్‌లో ముందే ఎక్కాలి. సంస్థ వివరాలు, అది వాడుకునే హెడర్, పంపబోయే వాక్యాల నమూనా, మూడూ అందులో ఉండాలి. 2024 అక్టోబరు 1 నుంచి మెసేజ్‌లో పెట్టే లింకు కూడా ముందే నమోదై ఉండాలి, లేకపోతే ఆపరేటరే ఆపేస్తాడు. అందుకని అసలు సంస్థ మెసేజ్ పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు, హెడర్ నుంచి వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం: వీఏ-ఏబీసీబీఎన్‌కే-టీ. ఇలాంటి బ్యాంకు లేదు, నేను కల్పించిందే. ఇందులో మూడు ముక్కలున్నాయి.

మొదటి ముక్కలో మొదటి అక్షరం ఆపరేటర్: ఏ ఎయిర్‌టెల్, జే జియో, వీ వొడాఫోన్ ఐడియా, బీ బీఎస్ఎన్ఎల్. రెండో అక్షరం సర్కిల్: ఏ ఆంధ్రప్రదేశ్ (టెలికాం లెక్కల్లో తెలంగాణ కూడా ఇందులోదే), ఎక్స్ కర్ణాటక, టీ తమిళనాడు, డీ ఢిల్లీ, ఎం ముంబై. ఇవి మెసేజ్ ఎక్కడ బండెక్కిందో చెప్తాయి, మీ సిమ్‌తో సంబంధం లేదు. మీది జియో అయినా వీఎం అని రావచ్చు. ఒకే బ్యాంకు పొద్దున ఏడీ అని, సాయంత్రం జేఎం అని పంపొచ్చు. ఈ రెండక్షరాలు మారాయని గాభరా పడే జనం చాలామంది. అక్కడ పట్టుకోవాల్సిందేమీ లేదు.

మధ్యలో ఉండే ఆరు అక్షరాలే సంస్థ. స్టాఫ్ చూడాల్సింది ఇక్కడే. ట్రాయ్ వాళ్ల ఎస్ఎంఎస్ హెడర్ పోర్టల్ ఒకటి ఉంది (ఎస్ఎంఎస్‌హెడర్ డాట్ ట్రాయ్ డాట్ గవ్ డాట్ ఇన్). అందులో ఈ ఆరక్షరాలు వెతికితే ఏ సంస్థ పేరున నమోదయ్యాయో చూపిస్తుంది. బ్యాంకు పేరులా వినిపించే హెడర్ వెనకాల ఊరూ పేరూ లేని ట్రేడింగ్ కంపెనీ కనిపిస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు.

చివరి అక్షరం 2025లో వచ్చిన మార్పు. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, ఓటీపీలు దీని కిందకి వస్తాయి. జీ అంటే ప్రభుత్వం. దీని ఉపయోగం ఎక్కడంటే, "మీ కేవైసీ గడువు అయిపోయింది, ఖాతా ఆగిపోతుంది" అన్న మెసేజ్ చివర పీ ఉందనుకోండి. ఖాతా ఆగిపోయే విషయాన్ని ఏ బ్యాంకూ ప్రకటనల లైన్‌లో పంపదు. ప్రభుత్వ పథకం డబ్బు పడిందంటూ చివర పీ కనిపించినా అంతే.

ఇంకోటి. అక్షరాల హెడర్‌కి మనం రిప్లై ఇవ్వలేం, ఆ దారి ఒకవైపే. కాబట్టి "రిప్లై ఇవ్వండి" అని అడిగే మెసేజ్ ఏదైనా డీఎల్‌టీ హెడర్ నుంచి వచ్చింది కాదు.

మీ ఒకటో నంబరు మెసేజ్ ఇక్కడే రాలిపోతుంది. డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) పది అంకెల మొబైల్ నుంచి బిల్లు మెసేజ్ పంపదు. పైగా అసలు బిల్లు మెసేజ్‌లో మీ సర్వీస్ నంబరు ఉంటుంది, తెలంగాణలో అయితే యూఎస్‌సీ అంటారు. "డియర్ కన్స్యూమర్" అనేవాడికి మీ సర్వీస్ నంబరు తెలీదు, తెలిస్తే రాసేవాడే. మీ పాత బిల్లు మీద నంబరు తీసి డిస్కమ్ యాప్‌లో కొడితే బాకీ ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ "ఆఫీసర్"కి ఫోన్ చేస్తే ఏమవుతుందో కూడా స్టాఫ్‌కి చెప్పండి: పది రూపాయలు కట్టమంటాడు, దానికోసం ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయిస్తాడు. పది రూపాయలు వాడికి అక్కర్లేదు. మీరు పిన్ కొట్టేటప్పుడు తెర చూడటం కావాలి. అయినా రాత్రి తొమ్మిదిన్నరకి స్తంభమెక్కి ఫ్యూజు పీకే లైన్‌మ్యాన్ ఎక్కడున్నాడండీ!

ఒక మినహాయింపు: లైన్‌మ్యాన్, డెలివరీ కుర్రాడు సొంత ఫోన్ నుంచే కాల్ చేస్తారు. అది మామూలే. నేను చెప్పేది సంస్థ పేరున వచ్చే మెసేజ్‌ల గురించి. సంస్థల కాల్స్‌కి వేరే సిరీస్‌లున్నాయి. 140తో మొదలైతే అమ్మకాల కాల్, 1600తో మొదలయ్యేది బ్యాంకులు, ఆర్థిక సంస్థలు, ప్రభుత్వం సేవల కోసం చేసే కాల్.

ఇక "హెడర్ ఉంటే నమ్మేయొచ్చా" అన్నదానికి, లేదు. 2024 మేలో టెలికాం శాఖ ఎనిమిది హెడర్లు మోసాలకి వాడుతున్నారని తేల్చి, వాటి యజమాన్య సంస్థల్ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టింది. ఆ సంస్థలకున్న 73 హెడర్లు, 1,522 టెంప్లేట్లు (వాక్యాల నమూనాలు) ఒక్కసారే పోయాయి. మూడు నెలల్లో ఆ ఎనిమిది హెడర్ల నుంచి పదివేలకి పైగా మోసపు మెసేజ్‌లు వెళ్లాయి. అంటే రిజిస్టర్‌లో ఎక్కినవాడే దొంగ కావచ్చు. అందుకే హెడర్ లేకపోతే కొట్టిపారేయండి. హెడర్ ఉంటే మాత్రం అది ఎవరిదో వెతికాకే మిగతా మాట.

---

నీలి బుడగ

రెండోదాని గురించి చెప్తున్న, ఇది ఐఫోన్ వాళ్లందరికీ పనికొస్తది.

బుడగ రంగు చూడండి. పచ్చది అయితే మామూలు ఎస్సెమ్మెస్ లేదా ఆర్‌సీఎస్. నీలం అయితే ఐమెసేజ్. ఐమెసేజ్ ఎయిర్‌టెల్, జియోల మీదుగా రాదు, యాపిల్ సర్వర్ మీదుగా వస్తది. పైన స్తంభం అన్న చెప్పిన డీఎల్‌టీ, హెడర్ కథంతా దీనికి తెల్వదు. ఈమెయిల్ ఐడీ నుంచి కూడా ఐమెసేజ్ పంపొచ్చు. అందుకే ఇండియా పోస్ట్ పేరుతోటి వచ్చేవి ఎక్కువగా ఏదో హాట్‌మెయిల్ ఐడీ నుంచో, ప్లస్ 63 లాంటి ఫిలిప్పీన్స్ నంబరు నుంచో ఉంటయి. పైన పేరు మీద నొక్కితే ఆ ఐడీ బయటపడతది. తపాలా శాఖ మీకు హాట్‌మెయిల్ నుంచి రాస్తదా?

"వై అని రిప్లై ఇవ్వండి" అన్నది ఎందుకో చాలామందికి తెల్వదు. కాంటాక్ట్స్‌లో లేనోళ్ల నుంచి వచ్చిన లింకును ఐఫోన్ నొక్కనియ్యదు, ఉత్త అక్షరాలుగా చూపిస్తది. మనం ఒక్కసారి జవాబు ఇస్తే, వీళ్లు తెలిసినోళ్లే అనుకొని లింకును తెరుస్తది. అంటే ఆ ఒక్క అక్షరంతోటి ఫోన్ కాపలాను మన చేత్తోనే తీయిస్తున్నడు. అసలు పంపేటోళ్లకు ఈ అవసరమే ఉండదు. కాబట్టి ఈ వాక్యం కనిపిస్తే ఇంకేం చూడాల్సిన పని లేదు, డిలీట్.

పార్సిల్ నిజంగ ఉంటే ట్రాకింగ్ నంబరు ఉంటది. స్పీడ్ పోస్ట్‌ది 13 గళ్లు: రెండక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. ఆ నంబరును ఇండియా పోస్ట్ సైటుకు మీరే పోయి కొట్టండి.

వాట్సాప్ సంగతి కూడా ఇంతే, ఆపరేటర్ చూడడు. డీపీలో బ్యాంకు లోగో పెట్టుడు ఒక్క నిమిషం పని. టిక్కు ఉన్నదా లేదా చూడాలంటే పేరు పక్కన చూడాలి, ఫొటోలో కాదు. లోగో మీదనే టిక్కు గీసి డీపీ పెట్టినోళ్లు ఉన్నరు.

---

టపా పెట్టె

మెయిల్ భాగం నాది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మెయిల్ నడిచే పద్ధతి 1982 నాటిది. అప్పట్లో "పంపినవారు" అన్న చోట ఏం రాస్తే అదే. పోస్టు కవరు మీద ఫ్రమ్ అడ్రస్ లాంటిది, పోస్ట్‌మాస్టర్ దాన్ని తనిఖీ చేయడు. ఇప్పటికీ పునాది అదే. పేరు అన్నది ఉత్త అలంకారం. "ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్" అని ఎవరైనా పెట్టుకోవచ్చు. ఫోన్‌లో పేరు మాత్రమే కనిపించడం, అడ్రస్ దాగి ఉండడం దొంగలకి పెద్ద వరం.

ఫోన్‌లో చూసే పద్ధతి: మెయిల్ తెరిచి, పేరు కింద "టు మీ" పక్కన ఉన్న చిన్న బాణం నొక్కండి. ఫ్రమ్, రిప్లై-టు, టు, తేదీ కనిపిస్తాయి. దాని కిందే సెక్యూరిటీ డీటెయిల్స్ నొక్కితే మెయిల్డ్-బై, సైన్డ్-బై అన్న రెండు పేర్లు వస్తాయి. ఈ రెండూ పంపినవాడు రాసుకున్న పేర్లు కావు. మెయిల్ అందుకున్న గూగుల్ సర్వర్ తను తనిఖీ చేసి చెప్పే పేర్లు. అందుకే వీటికి విలువ.

రిప్లై-టు వేరుగా ఉందేమో తప్పక చూడండి. ఫ్రమ్ ఒక ఆఫీసు పేరుతో ఉండి, రిప్లై-టు ఏదో జీమెయిల్ అయితే మీ జవాబు దొంగ చేతికే పోతుంది.

తర్వాత డొమైన్ చదవడం. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం, డొమైన్‌ని మాత్రం కుడి నుంచి చదవాలి. ఎట్ గుర్తు తర్వాత ఉన్నదాంట్లో చివరి నుంచి మొదలుపెట్టండి. "ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ రిఫండ్‌చెక్ డాట్ కామ్" అని ఉంటే దాని యజమాని రిఫండ్‌చెక్ డాట్ కామ్. ముందున్న గవ్ డాట్ ఇన్ అంతా వాడు గోడ మీద రాసుకున్న బోర్డు. చివర గవ్ డాట్ ఇన్ లేదా నిక్ డాట్ ఇన్‌తో ముగిస్తేనే ప్రభుత్వానిది. గీతలు కూడా గమనించండి. చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత ఉంటే అది వేరే డొమైన్. "గవ్-ఇన్ డాట్ కామ్" ఎవరైనా కొనుక్కోవచ్చు.

బ్యాంకుల విషయంలో ఈ చుక్క, గీత తేడా ఇంకా ముఖ్యం. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో బ్యాంకుల వెబ్‌సైట్లు బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాయి, గడువు 2025 అక్టోబరు 31. స్టేట్ బ్యాంకుది ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. ఈ డొమైన్లు ఇచ్చే ఏకైక సంస్థ మన హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ, బ్యాంకు కానివాళ్లకి ఇవ్వదు. కానీ "ఎస్‌బీఐ గీత బ్యాంక్ డాట్ ఇన్" అలా కాదు, అది మామూలు డాట్ ఇన్ డొమైన్. ఎస్‌బీఐ తర్వాత చుక్క ఉందా గీత ఉందా, అంతే తేడా. ఇది స్టాఫ్‌కి కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూపించండి. ఫోన్ తెర మీద ఆ తేడా ఆవగింజంత.

ఒక మాట: సైట్లు మారినా కొన్ని బ్యాంకుల మెయిల్స్ ఇంకా పాత డొమైన్ నుంచే రావచ్చు. అందుకని బ్యాంక్ డాట్ ఇన్ లేదని ప్రతి మెయిల్‌నీ దొంగదనకండి. సైన్డ్-బై చూసి, పాత నిజమైన మెయిల్స్‌తో పోల్చండి.

అక్షరాల మాయ సంగతి క్లుప్తంగా: ఇంగ్లిషు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎం లాగా కనిపిస్తుంది. చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి అంకె ఒకదానికొకటి కవలలు. రష్యన్ లిపిలో ఏ అక్షరం అచ్చం ఇంగ్లిషు ఏ లాగే ఉంటుంది. అడ్రస్ కాపీ చేసి నోట్స్‌లో పెట్టి అక్షరాల సైజు పెంచితే మొదటి రెండూ దొరుకుతాయి. మూడోది కంటికి దొరకదు, బ్రౌజర్‌లో ఎక్స్ఎన్ గీత గీత అని మొదలయ్యే రూపంలో బయటపడొచ్చు.

మీ మూడో మెయిల్ విషయానికొస్తే, రిఫండ్ కోసం ఆదాయపన్ను శాఖ మెయిల్‌లో ఖాతా వివరాలు అడగదు. పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసుకున్న ఖాతాకే వేస్తుంది. వాళ్ల నోటీసైనా ఆర్డరైనా 2019 అక్టోబరు నుంచి డిన్ అనే గుర్తింపు నంబరుతో వస్తుంది. ఈ-ఫైలింగ్ పోర్టల్ మొదటి పేజీలో, లాగిన్ కాకుండానే, నోటీసు అసలుదా కాదా చూసే చోటు ఉంది. డిన్, మీ మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వచ్చి చూపిస్తుంది. జీఎస్టీలో కూడా సెంట్రల్ అధికారుల లేఖలకి డిన్ ఉంటుంది, పోర్టల్ నుంచి వెళ్లేవాటికి ఆర్ఎఫ్ఎన్ అనే నంబరు ఉంటుంది, రెండూ ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. మెయిల్‌లో ఉన్న లింకు నుంచి కాకుండా, అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి. దొంగ మెయిల్‌లో "డిన్ సరిచూడండి" అన్న బటన్ కూడా పెడతారు మరి.

---

దుకాణం లెక్కలు

మీ ముగ్గురికీ దండాలు. మూడో మెయిల్ కంప్యూటర్‌లో తెరిచి మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" చూశా. ఇక్కడే తికమక పడ్డా. ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్ అని మూడూ పాస్ అయ్యాయి! ఫ్రమ్ అడ్రస్ మాత్రం "రిఫండ్-ఐటీడీ డాట్ ఆన్‌లైన్" అని ఉంది. దొంగ మెయిల్ అయితే ఫెయిల్ అవ్వాలి కదా?

---

టపా పెట్టె

అక్కర్లేదు. ఇక్కడ చదువుకున్నవాళ్లూ బోల్తా పడతారు.

ఆ మూడు పరీక్షలూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ డొమైన్ పేరుతో వచ్చిన మెయిల్, నిజంగా ఆ డొమైన్ యజమాని అనుమతితో వచ్చిందా?" ఆ యజమాని మంచివాడా కాదా అని అడగవు. దొంగ తన సొంత డొమైన్ కొన్నాడు, దానికి అన్ని రికార్డులూ పద్ధతిగా పెట్టుకున్నాడు, తన సొంత పేరుతో పంపాడు. పాస్ కాక ఏమవుతుంది? ఆధార్ కార్డు చూపించిన దొంగ లాంటివాడు. కార్డు నిజమైనదే, అందులో ఉన్న పేరే ఆదాయపన్ను శాఖది కాదు.

మూడింటినీ విడివిడిగా చెప్తా.

ఎస్‌పీఎఫ్: ఈ డొమైన్ తరఫున ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో యజమాని డీఎన్ఎస్‌లో (డొమైన్ల వివరాలు అందరికీ కనిపించేలా ఉండే చిట్టా) రాసిపెట్టిన జాబితా. ఇది తనిఖీ చేసేది రిటర్న్-పాత్‌లో ఉన్న డొమైన్‌ని, మనకి కనిపించే ఫ్రమ్‌ని కాదు. కవరు మీద అడ్రస్ ఒకటి, లోపల ఉత్తరం మీద అడ్రస్ ఒకటి అనుకోండి, ఎస్‌పీఎఫ్ కవరే చూస్తుంది.

డీకిమ్: మెయిల్ మీద డిజిటల్ ముద్ర. దారిలో మార్చలేదనీ, ఫలానా డొమైన్ ముద్ర వేసిందనీ చెప్తుంది. ముద్ర ఎవరిదైనా కావచ్చు, ఫ్రమ్‌లో ఉన్నవాళ్లదే అవ్వాలని లేదు.

డీమార్క్: పై రెండింటిలో కనీసం ఒకటి పాసై, ఆ పాసైన డొమైన్ మనకి కనిపించే ఫ్రమ్ డొమైన్‌తో కలవాలంటుంది. ఈ మూడింట్లో మన కంటికి కనిపించే అడ్రస్‌ని కాపాడేది ఇదొక్కటే.

కాబట్టి వరస ఇది: ముందు ఫ్రమ్‌లో డొమైన్ కుడి నుంచి చదవండి. అది తప్పైతే అక్కడే ఆపేయండి, పాస్ ఫెయిల్ జోలికి వెళ్లొద్దు. అది సరైనదే అయితే అప్పుడు డీమార్క్ చూడండి. సరైన డొమైన్, డీమార్క్ ఫెయిల్ అంటే ఆ పేరుని ఎవరో వాడుకుని ఉండొచ్చు. మీ కేసు మొదటి మెట్టు మీదే తేలిపోయింది.

డీమార్క్ ఫెయిలైనా ఇన్‌బాక్స్‌లోకి ఎందుకొస్తుందంటే, ఫెయిలైతే ఏం చేయాలో యజమానే చెప్పాలి. పీ ఈక్వల్ టు నన్ అని పెడితే "ఏమీ చేయొద్దు, నాకు రిపోర్టు పంపితే చాలు" అని. క్వారంటైన్ అంటే స్పామ్‌లో వేయమని, రిజెక్ట్ అంటే గుమ్మంలోంచే తిప్పి పంపమని. నన్ దగ్గరే ఆగిపోయిన కంపెనీలు బోలెడు. మీ షాపుకి సొంత డొమైన్ ఉంటే ఓసారి చూసుకోండి. ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. పాత హోస్టింగ్ వాడు ఒకటి, కొత్తవాడు ఒకటి పెట్టి రెండుంటే, రెండూ పనిచేయవు, పర్మఎర్రర్ (శాశ్వత లోపం) అని వస్తుంది. అప్పుడు మీ నిజమైన బిల్లులు కస్టమర్ స్పామ్‌లో పడతాయి.

షో ఒరిజినల్‌లో రిసీవ్డ్ అని వరసలు కనిపిస్తాయి కదా, వాటిని కింద నుంచి పైకి చదవాలి. అడుగున ఉన్నవి దొంగ తన ఇష్టమొచ్చినట్టు రాసి ఉండొచ్చు. అన్నిటికన్నా పైన, మీ గూగుల్ సర్వర్ రాసిన వరసలే నమ్మదగ్గవి.

---

రేడియో పిచ్చి

ఎస్సెమ్మెస్ గురించి ఒకటి మిగిలిపోయింది. బ్యాంకు పాత ఓటీపీలన్నీ ఉన్న వరసలోనే కొత్త మెసేజ్ వచ్చి కూర్చుంటే, స్టాఫ్ కళ్లు మూసుకుని నమ్ముతారు. అక్కడ జాగ్రత్త.

ఫోన్ మెసేజ్‌లని పంపినవారి పేరు బట్టి ఒకే వరసలో పేరుస్తుంది. పేరు ఒకటైతే చాలు, నిజంగా ఒకరేనా అని చూడదు, చూసే వీలూ దానికి లేదు. అక్షరాలు అచ్చంగా అవే ఉన్న దొంగ మెసేజ్ అసలు ఓటీపీల పక్కనే చేరిపోతుంది.

ఆపరేటర్ దగ్గర డీఎల్‌టీ జల్లెడ ఉండగా అలా ఎలా వస్తుందంటే, ఆపరేటర్‌ని తాకకుండా. ఎస్సెమ్మెస్ బ్లాస్టర్ అనే పెట్టె ఉంటుంది, కారు డిక్కీలో పట్టేంత. సెల్ టవర్‌లా నటిస్తూ చుట్టుపక్కల ఫోన్లని తన వైపు లాక్కుని 2జీకి దింపుతుంది. 2జీలో ఫోన్ తనెవరో టవర్‌కి రుజువు చేస్తుంది గానీ, టవర్ తనెవరో ఫోన్‌కి రుజువు చేయదు. ఆ లోపం మీద బతికే పరికరం ఇది. లండన్‌లో 2024లో ఇలాంటి సొంతంగా చేసిన యాంటెన్నాతో వేల మెసేజ్‌లు పంపిన కేసులో అరెస్టులు జరిగాయి.

ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో 2జీని ఆపే మీట ఉంది: సెట్టింగ్స్, నెట్‌వర్క్, సిమ్ లోపల "అలౌ 2జీ". జియోకి 2జీ లేనే లేదు, ఆపినా నష్టం లేదు. బీఎస్ఎన్ఎల్ సిమ్ ఉండి 4జీ అందని ఊళ్లకి వెళ్లేవాళ్లు ఆపితే కాల్స్ పోతాయి, చూసుకుని చేయండి. ఐఫోన్‌లో విడిగా మీట లేదు, లాక్‌డౌన్ మోడ్‌లో పెడితే 2జీ పోతుంది, దాంతోపాటు ఇంకా చాలా పోతాయి. మామూలు షాపుకి అది అతి.

ఒక ఆనవాలు: 4జీలో ఉన్న ఫోన్ పైన ఉన్నట్టుండి ఈ లేదా జీ అని పడి, అదే నిమిషంలో లింకుతో బ్యాంకు మెసేజ్ వస్తే, అది బ్యాంకు నుంచి రాలేదనే అనుకోండి.

---

నీలి బుడగ

ఏపీకే ముచ్చట కూడా చెప్పాలె. ట్రాఫిక్ చలాన్ అనీ, పెళ్లి పత్రిక అనీ వాట్సాప్‌ల ఫైలు వస్తది, పేరు చివర డాట్ ఏపీకే ఉంటది. ఇక్కడ పంపినోళ్ల నంబరు చూసి తేల్చుడు కుదరదు. ఎందుకంటే అది మీ బావమరిది నంబరు నుంచే రావచ్చు. ఆయన ఫోన్‌ల ఆ ఫైలు పడ్డది, అది ఆయన వాట్సాప్ నుంచి అందరికీ పోతున్నది. నంబరు ఆయనదే, పంపింది మాత్రం ఆయన కాదు.

కాబట్టి దీనికి ఫైలు పేరే ఆనవాలు. పత్రిక ఫొటో అయితే జేపీజీ, లేకుంటే పీడీఎఫ్. ఏపీకే అంటే యాప్. పెండ్లికి పిలిచేందుకు యాప్ ఎందుకు? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడుగుతది, ఇస్తే మీ ఓటీపీలు అటు పోతయి. చలాన్ ఉన్నదా లేదా బండి నంబరుతోటి ఈచలాన్ డాట్ పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్‌ల మీరే చూస్కోండి.

పొరపాటున వేస్తే ముందు డేటా, వైఫై బంద్ చేయండి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌ల పెట్టండి. తర్వాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించుడు. యాప్ తీసేసి ఊరుకుంటే సరిపోదు, ఐకాన్ దాచుకునేటివి ఉంటయి.

---

సిగ్నల్ స్తంభం

ఫిర్యాదు ఎక్కడ చేయాలో కలిపేస్తున్నారు చాలామంది, విడగొట్టి చెప్తా.

డబ్బు పోతే 1930, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. నిమిషాలు లెక్క, ఎందుకంటే డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకే లోపు ఆపాలి. ఫోన్ చేసేముందు దగ్గర పెట్టుకోవాల్సినవి: ఎంత పోయింది, ఏ సమయానికి, యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు. ఈ నంబరు లేక లైన్‌లో వెతుక్కుంటూ పది నిమిషాలు పోగొట్టేవాళ్లున్నారు.

డబ్బు పోలేదు, ప్రయత్నం మాత్రమే జరిగింది అంటే టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో ఉన్న చక్షు అనే విభాగం. స్క్రీన్‌షాట్, పంపిన నంబరు లేదా హెడర్, తేదీ, సమయం. డబ్బు పోయినవాళ్లు చక్షులో పెట్టి కూర్చుంటే పని జరగదు, అది అందుకోసం కాదు.

అక్కర్లేని ప్రకటనల మెసేజ్ అయితే 1909, లేదా ట్రాయ్ డీఎన్‌డీ యాప్. వచ్చిన ఏడు రోజుల్లోపు పెట్టాలి. ఇదివరకు మూడు రోజులే ఉండేది, 2025లో పెంచారు. మెసేజ్ డిలీట్ చేసేసి తర్వాత ఫిర్యాదు అంటే కుదరదు, పూర్తి పాఠం అడుగుతారు.

---

దుకాణం లెక్కలు

ఒక్కటి మిగిలింది. సరుకు పంపే హోల్‌సేలర్ నుంచి "మా ఖాతా మారింది, ఇకమీదట ఇందులో వేయండి" అని మెయిల్ వస్తే? ఫ్రమ్ సరిగ్గా ఉంది, డీమార్క్ పాస్, మన పాత మెయిల్‌కి రిప్లైగానే వచ్చింది అనుకుందాం.

---

టపా పెట్టె

అప్పుడు పైన చెప్పుకున్న పరీక్షలేవీ పనికిరావు. హోల్‌సేలర్ పాస్‌వర్డ్ దొంగ చేతిలో ఉంటే మెయిల్ నిజంగా వాళ్ల పెట్టెలోంచే వస్తుంది, పాత సంభాషణ అంతా చదివి మీ బిల్లు మొత్తం పైసలతో సహా రాస్తాడు. ఫిల్టర్ పెట్టి మీ జవాబులు అసలు మనిషికి కనిపించకుండా దాచేస్తాడు కూడా. కాబట్టి మెయిల్‌లో "నిజమేనా?" అని అడిగితే దొంగే "నిజమే" అంటాడు.

ఫోన్ చేయాలి, అది కూడా ఆ మెయిల్ కింద ఉన్న నంబరుకి కాదు. పాత ఇన్‌వాయిస్ మీదో, మీ ఫోన్‌బుక్‌లోనో ఉన్న నంబరుకి. గొంతు గుర్తుపట్టే మనిషితో మాట్లాడి, ఖాతా చివరి నాలుగు అంకెలు వాళ్లనే చెప్పమనండి, మీరు చదివి "ఇదేనా" అని అడగొద్దు. కొత్త ఖాతాకి మొదట ఒక్క రూపాయి వేయండి, వేసేటప్పుడు బ్యాంకు చూపించే లబ్ధిదారు పేరు వాళ్ల జీఎస్టీ రిజిస్ట్రేషన్ పేరుతో కలిసిందో లేదో చూశాకే మిగతాది.